పసుపు గుడ్డలో మైనం బిళ్ల

"ఫ్రిజ్‌ల లేదు, బీరువల లేదు, దేవుని అర్రల లేదు. మరి యాడికి పోయిందమ్మా? దానికేమన్న కాళ్లున్నయా?"

అమల గొంతు గల్లీ చివరి దాకా వినిపిస్తోంది. పొద్దున్నే మలక్‌పేటలోని అత్తగారింటి నుంచి ఆటోలో వచ్చి దిగింది, అప్పటి నుంచి కూర్చోలేదు. పురానాపూల్ దగ్గరి ఆ మూడు గదుల ఇల్లు ఆమె చేతుల్లో తలకిందులైంది. పరుపు గోడకు నిలబడి ఉంది. బియ్యం డబ్బా మూత తెరిచి ఉంది. తమ్ముడు నందు పాలు పోసి వచ్చి, నెత్తి మీద హెల్మెట్ కూడా తీయకుండా మంచం కింద దూరాడు.

వాళ్లు వెతుకుతున్న వస్తువు అగ్గిపెట్టె కన్నా చిన్నది. ప్లాస్టిక్ బిళ్ల మీద తెల్లటి మైనం, మైనం మధ్యలో కందిగింజంత గోధుమరంగు మరక. ఆ మరక వాళ్ల నాయన పెంటయ్య మెడ గడ్డలోంచి తీసిన ముక్క. హాస్పిటల్ వాళ్లు దాన్ని కవర్లో పెట్టి, వేరే ల్యాబుకు మీరే తీసుకెళ్లి ఇవ్వండి అని గురువారం నాడు సత్తెమ్మ చేతికిచ్చారు. ఎంత పెద్ద హాస్పిటలైనా ఇంతే. మిషన్లు కోట్లు పోసి కొంటారు గానీ, మనిషి ముక్కను మాత్రం మనిషి తాలూకు వాళ్లే మోసుకు తిరగాలి.

"అక్కా, ఇంకోసారి ముక్క తీయమంటే?" మంచం కింది నుంచి అడిగాడు నందు.

"తియ్యరు. గడ్డ పెద్ద రక్తనాళాన్ని ఆనుకున్నదట. మళ్ల సూది పెట్టం అని డాక్టరమ్మ మొన్ననే చెప్పలే? ఉన్నది గదొక్కటే ముక్క. ఇయ్యాల ఒంటిగంట లోపల ల్యాబుల ఇస్తేనే వచ్చే గురువారం మీటింగ్‌కు రిపోర్ట్ అందుతది. అప్పుడే ఏ మందు ఇయ్యాల్నో తేలుస్తరు. తప్పిందంటే ఇంక రెండు వారాలు. బాపు మెడ చూసినవా? వారానికింత ఉబ్బుతున్నది."

పెంటయ్య గుమ్మం పక్కన కుర్చీలో, మెడకు మఫ్లర్ చుట్టుకుని ఈ తతంగమంతా చూస్తున్నాడు. ముప్పై ఏళ్లు జర్దా నమిలిన పాపానికి రెండేళ్ల కింద ఎడమ చెంపా, సగం నాలుకా పోయాయి. అప్పటి నుంచి ఆయన మాట ఒక్క సత్తెమ్మకే పూర్తిగా అర్థమవుతుంది. పిల్లలకు సగం, బయటివాళ్లకు అసలే లేదు. డాక్టర్లు పెంటయ్యను అడుగుతారు, సత్తెమ్మ చెబుతుంది.

ఆ సత్తెమ్మ ఇప్పుడు పెరట్లో బర్రెలకు దాణా కలుపుతోంది. పొద్దుటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. సత్తెమ్మ నోరు మూసుకుందంటే ఏదో ఉందని ఆ ఇంట్లో బర్రెలకు కూడా తెలుసు.

నందు మంచం కింది నుంచి బయటికొచ్చి తల్లి వైపు చూశాడు.

"అమ్మా. నువ్వే ఏమో చేసినవ్."

"నేనేం చెయ్యలే."

"నా దిక్కు చూసి చెప్పు."

సత్తెమ్మ తొట్టి దిక్కే చూసింది. "గసోంటిది ఇంట్ల ఉంచుకుంటరా ఎవరన్న?" అంది.

"అంటే?"

"మట్టి చేసిన."

ఎవరికీ అర్థం కాలేదు.

"పాతిపెట్టినవా?" అమల గొంతు కీచుమంది.

"మరేం చెయ్యాలె? రెండేండ్ల కింద మీ బాపు చెంప కోసిండ్రు, నాలుక కోసిండ్రు. ఇయ్యుండ్రి సారూ, మా మట్టిల పెట్టుకుంటం అని కాళ్లు పట్టుకున్న. ఇయ్యలే. కాల్చేసినం అన్నరు. మా ఇంట్ల ఎవరినన్న కాలుస్తరా? మట్టి దొరకలే గనుకనే రోగం మళ్ల తిరిగొచ్చింది. ఈ తాప వాళ్లే నా చేతుల పెట్టిండ్రు. దేవుడే పంపిండనుకున్న. స్నానం చేయించి, పసుపు రాసి, పాలు పోసి మట్టి చేసిన."

"స్నానమా?"

"వేడినీళ్లతోని. చన్నీళ్లు పోస్తరా?"

అమల రెండు చేతులతో తల పట్టుకుంది. "మైనమే అమ్మా అది! మైనం మీద వేడినీళ్లు పోసినవా?"

"నాకేం ఎరుక? ముక్కే కనబడ్డది నాకు."

"యాడ పాతినవ్?"

సత్తెమ్మ కళ్లు కొట్టం వైపు పోయాయి. నందు పార అందుకున్నాడు. కొట్టం ఎంతుంటుంది, మొత్తం తవ్వుతానన్నాడు. సత్తెమ్మ వెళ్లి కొట్టం గుమ్మానికి అడ్డంగా నిలబడింది. దాణా చేతులు కడుక్కోను కూడా లేదు.

"పాతినదాన్ని తవ్వద్దు బిడ్డా. తవ్వితే మనిషిని పిలిచినట్టే. మీ బాపును నేను పిలవ."

"నువ్వు తవ్వనియ్యకపోతేనే బాపు పోతడు!"

"నందూ, నోరు!" గద్దించింది సత్తెమ్మ.

"నా నోరేనా? పొద్దుగాల నుంచి ఇల్లంత ఎతుకుతుంటే చూసుకుంట నిలబడ్డది నువ్వు."

సత్తెమ్మ ఏడవలేదు. గుమ్మం రెండు వైపులా చేతులు పెట్టి అలాగే నిలబడింది. నందు పార కింద పెట్టలేదు. అమల ఫోన్‌లో టైం చూసింది, పది దాటింది. ముగ్గురిలో ఎవరూ కదల్లేదు. లోపల ఒక బర్రె ముక్కు చీదింది.

అప్పుడు పెంటయ్య కుర్చీలోంచి లేచాడు. నెమ్మదిగా నడిచి వచ్చి, భార్య చేతి కింది నుంచి వంగి కొట్టంలోకి వెళ్లాడు. ఆ నేలను ఆయన నలభై ఏళ్లుగా ఊడుస్తున్నాడు. ఏ రాయి కదిలినా ఆయనకు తెలుస్తుంది. గోడ వార నీళ్ల కుండీ జానెడు పక్కకు జరిగి ఉండడం చూశాడు. కుండీని తోసి, గొంతుక్కూర్చుని, చేతులతోనే మట్టి తీయడం మొదలుపెట్టాడు.

"ఓ అయ్యా! వద్దయ్యా!" సత్తెమ్మ పరుగెత్తింది.

పెంటయ్య తల ఎత్తకుండా ఏదో అన్నాడు. పిల్లలకు మూలుగులా వినిపించింది.

"ఏమంటుండు?" అడిగింది అమల.

"నా ముక్క, నా ఇష్టం అంటుండు," అంది సత్తెమ్మ.

ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. అది సత్తెమ్మ పిల్లలకు చెప్పలేదు. "నన్ను ఇంత మంచిగ ఎవరు సాగనంపుతరే సత్తీ! స్నానం చేయించి, పాలు గూడ పోసినవ్. నా జన్మ ధన్యమైంది. కానీ గిప్పుడే పోను. జర చెయ్యి పట్టు."

సత్తెమ్మ కొంగు నడుముకు దోపుకుంది. భర్త పక్కన కూర్చుని తను కూడా తవ్వింది. మోచేతి లోతులో స్టీలు డబ్బా దొరికింది. పోసిన పాలు విరిగి మట్టి పుల్లటి వాసన కొడుతోంది. డబ్బాలో పసుపు గుడ్డ, గుడ్డలో మైనం బిళ్ల ఉన్నాయి.

నలుగురూ ఆటో ఎక్కారు. నువ్వెందుకు బాపూ అని పెంటయ్యను ఎవరూ అడగలేదు. డబ్బాను సత్తెమ్మ ఒళ్లో పెట్టుకుంది, అమల చేయి చాచినా ఇవ్వలేదు. తల్లి గోళ్ల నిండా మట్టి. ఆ గోళ్లను చూసే కొద్దీ అమలలో కోపం దిగిపోయింది. రెండేళ్లుగా నాయనకు గొట్టంలో గంజి పోసింది ఆ చేతులే, పుండు కడిగింది ఆ చేతులే. నాయనకు ఇలాంటి మనిషి దొరకడం తమ అందరి అదృష్టం అనిపించి, పొద్దున అరిచిన ప్రతి అరుపుకూ సిగ్గేసింది.

"అమ్మా, కోపం చేసిన. ఏమనుకోకు."

"నేనేమనుకుంట? నీకు మీ బాపు మీద పాణం, నాకు పాణం. గంతే," అంది సత్తెమ్మ.

ల్యాబు కౌంటర్లో ఉన్నతను డబ్బా మూత తీసి ఒక్క క్షణం ఆగాడు. నలభై లోపు వయసు, మెడలో సన్నని గొలుసుకు సిలువ, జేబు మీద డానియేలు అని పేరు.

"ఇదేందమ్మా, పసుపు?"

అబద్ధం చెప్పమన్నట్టు నందు తల్లి మోచేతిని తాకాడు. సత్తెమ్మ ఉన్నదున్నట్టు మొత్తం చెప్పేసింది, వేడినీళ్లతో సహా. డానియేలు నవ్వుతాడని, లేకపోతే కసురుతాడని అనుకున్నారు. అతను రెండూ చేయలేదు.

"మా నాయనమ్మకు షుగర్‌తోని కాలు తీసేసిండ్రమ్మా. ఆ కాలును శాలిబండ దవాఖాన నుంచి మేమే తీస్కపోయి మా తాత సమాధి పక్కన పెట్టినం. కూసోండ్రి, చూసొస్త," అని బిళ్ల తీసుకుని లోపలికి వెళ్లాడు.

అతను తిరిగొచ్చేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటా సత్తెమ్మ గోడకున్న బొమ్మల కేసి చూస్తూ ఏ దేవుడికో, అందరు దేవుళ్లకో మొక్కుతూనే ఉంది.

"బిళ్ల మీది నెంబర్ చెరగలే, డాక్టరమ్మ పంపిన కాగితంతోని కలిసింది. మంచిగైంది," అన్నాడు డానియేలు. సత్తెమ్మ అతని చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. "ఆగమ్మా, పూర్తిగ విను. వేడినీళ్లకు ఒక దిక్కు మైనం కరిగి ముక్క తేలింది. తేలిన దిక్కు తడి పట్టి పాడైంది. ఇంకో దిక్కు బాగుంది. కానీ డాక్టరమ్మ రెండు రకాల టెస్టులు రాసింది. మిగిలింది ఒకదానికే సరిపోతది."

"రెండు రకాలేంది? మాకు ఒకటే అన్నరు గద," అన్నాడు నందు.

అమల కాగితం వైపు చూసి తల దించుకుంది.

"ఒకటి మందు కోసం," డానియేలు వేలితో చూపించాడు. "మన ఒంట్ల కాపలా కణాలుంటయి అన్నా. కొన్ని క్యాన్సర్ కణాల మీద పీడీఎల్-వన్ అని ఒక ప్రోటీన్ ఉంటది. దాన్ని చూసి కాపలా కణం మనోడేలే అని ఇడిసిపెడ్తది. ఆ ప్రోటీన్ మస్తుగుంటే, దానికి అడ్డం పడే మందున్నది. అప్పుడు కాపలా కణాలు మళ్ల పనిల పడ్తయి."

"అంటే, పక్కోని బర్రెకు మన గంట కట్టి మన మందల తోలినట్టు," అన్నాడు నందు.

"గట్లనే అనుకో. ఆ గంట ఉన్నదా, ఎంతున్నది అని చూసే టెస్టు ఇది. రెండో టెస్టు వేరే ప్రోటీన్లది. జబ్బు ఎంత జోరు మీదున్నది, ముందు ముందు ఎట్లుంటది, ఎన్నాళ్లు అనేది అందాజగ చెప్తది. అందాజనే. మందు ఏదియ్యాల్నో అది చెప్పది."

"రెండోది ఎవరికి గావాలె?" అన్నాడు నందు.

డానియేలు ఆ డాక్టరమ్మకే, విమలాదేవికి, ఫోన్ కలిపి, అందరికీ వినిపించేలా బల్ల మీద పెట్టాడు. ఆమె అంతా విని నిట్టూర్చింది.

"నా సలహా అయితే మందు టెస్టే. రెండోది నేను రాయాలనుకోలేదు, అమల అడిగితే రాశాను. అయినా పెంటయ్యగారు తెలివిలో ఉన్న మనిషి, ముక్క ఆయనది. ఆయన్నే అడగండి. ఏది చెబితే అదే చేయండి."

ఫోన్ ఆగిపోయింది. నందు అక్క వైపు తిరిగాడు.

"నువ్వడిగినవా?"

"అడిగిన."

"బాపు ఎన్నాళ్లుంటడని అడిగినవా?"

"మెల్లగ మాట్లాడు."

"అమ్మ ముక్కను పాతింది. నువ్వు మనిషినే పాతేటట్టున్నవ్ గదక్కా!"

అమల కౌంటర్ అంచు పట్టుకుంది. "నౌకరిల ట్రైనింగ్ పడ్డదిరా. వరంగల్. ఆరు నెలలు. పోకపోతే ప్రమోషన్ పోతది. పోతే... నేను ఆడ ఉన్నప్పుడు బాపుకు ఏమన్న అయితే? ఎవర్ని అడగాలె నేను? నిన్ను అడిగితే చెప్తవా? రోజూ పండుకునేటప్పుడు గదే ఫికర్. డాక్టరమ్మ కాళ్ల మీద పడి రాయించుకున్న. తప్పే. కొట్టు, నాలుగు కొట్టు."

నందు కొట్టలేదు. గోడ వైపు మొహం తిప్పుకున్నాడు. పొద్దుట్నుంచి ఒకరినొకరు అన్న మాటలన్నీ ఆ చిన్న గదిలో వాళ్ల మధ్యే ఉన్నట్టున్నాయి.

"లొల్లి ఆపుండ్రి. సారు ముంగట," అంది సత్తెమ్మ.

డానియేలు కుర్చీ లాక్కుని పెంటయ్య ఎదురుగా కూర్చున్నాడు. "పెద్దాయనా, విన్నవు గద. ఏది చెయ్యమంటవ్? నువ్వు చెప్పినదానికే టిక్కు పెడ్త."

పెంటయ్య కూతురి వైపు చూశాడు. చేయి చాచి ఆమె తల మీద పెట్టాడు. నవ్వడానికి ఉన్న సగం మొహంతోనే నవ్వాడు. తర్వాత సత్తెమ్మ వైపు తిరిగి మాట్లాడడం మొదలుపెట్టాడు. రెండేళ్లలో అంత పొడుగు మాట ఆయన మాట్లాడింది లేదు. మధ్యలో రెండుసార్లు ఆగి లాలాజలం తుడుచుకున్నాడు.

"సత్తీ, ఎన్నాళ్లో తెలుస్తదట. గదే చెయ్యమను. మందు పనిచేస్తదా లేదా, అది దేవునికి ఇడిసిపెడ్త. నాకు దినాలు తెలియాలె. ఆపరేషన్ నాడు ఆరుగురు రక్తమిచ్చిండ్రు, వాళ్ల పేర్లు గూడ నాకు తెల్వయి. రెండు నెలలు మన బర్రెలను చూసుకున్న ఆగయ్య ఉన్నడు. వానల ఆటో తోలుకొచ్చి, దవాఖాన్ల నన్ను ఎత్తుకొని ఉరికిన భాయ్ ఉన్నడు. రాత్రిళ్లు నా పక్కన కూసున్న నర్సమ్మ బేబీ ఉన్నది. ఒక్కొక్కరి గడపకు పోయి దండం పెట్టాలె. నా అసోంటోనికి ఇంతమంది చేసిండ్రు. తొందర పడాల్నా, నిమ్మలంగ పోవాల్నా, నాకు తెలియాలె గద."

మాట అయిపోయింది. పెంటయ్య మొహం ఎండలో ఆరేసిన పంచెలా తేటగా ఉంది. చెప్పాల్సింది చెప్పేశాను, ఇక భయం లేదు అన్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు.

నందుకు ఆగయ్య పేరు ఒక్కటే తెలిసింది. అమలకు దినాలు అన్న మాటా, దండం అన్న మాటా తెలిశాయి.

"ఏమంటుండమ్మా?" డానియేలు కలం పట్టుకుని సత్తెమ్మను అడిగాడు.

సత్తెమ్మ కాగితం మీది రెండు గడులనూ చూసింది. ఆమెకు చదువు రాదు గానీ, పైది మందుదనీ కిందిది దినాలదనీ డానియేలు వేలు పెట్టినప్పుడే గుర్తుపెట్టుకుంది. భర్త మాట ఆమె ఈ రెండేళ్లలో ఒక్కసారి కూడా మార్చలేదు. ఆయన డాక్టర్లను తిడితే, ఆ తిట్లు కూడా వాళ్ల మొహాన అలాగే చెప్పి వచ్చిన మనిషి ఆమె.

"మందుదే చెయ్యమంటుండు బిడ్డా," అంది.

"గంత సేపు మాట్లాడిండు?" అన్నాడు డానియేలు.

"నీకు దండాలు చెప్తుండు. మస్తు చెప్పిండు. నువ్వు కసురుకోలేదని, మంచిగ చూసినవని."

అమల తల్లి వైపు చూసింది. నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది.

డానియేలు పెంటయ్య వైపు తిరిగాడు. "అంతేనా పెద్దాయనా? పై గడిల పెట్టాల్నా?"

పెంటయ్య సత్తెమ్మను చూస్తూ ఉండిపోయాడు. ఆమె కళ్లు దించలేదు. కాదని తల ఊపితే సరిపోతుంది. ఆ మాత్రానికి నాలుక అక్కర్లేదని ఇద్దరికీ తెలుసు.

ఆయన తల ఊపలేదు. రెండు చేతులూ ఎత్తి జోడించాడు. డానియేలుకు కాదు, సత్తెమ్మకు. అది నీ వల్లే ఇన్నాళ్లున్నానే అనడమో, నా మాట నాకు తిరిగి ఇయ్యవే అని బతిమాలడమో, ముప్పై ఎనిమిదేళ్లు కాపురం చేసిన సత్తెమ్మకు కూడా తెలియలేదు. డానియేలు మాత్రం దాన్ని అవుననే అనుకున్నాడు. పై గడిలో టిక్కు పెట్టి, కాగితం తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.